ఊర్లు తిరిగొచ్చి తాళం తీసినప్పుడు మీకెట్టా ఉంటది? నెల్లూరు, ప్రకాశం జంటలు చెప్పండి

కావలి కోడలు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాకు పెళ్ళై రెండేళ్ళు. సంక్రాంతి అయినాక నేనూ మా ఆయనా మేఘాలయ పోయొచ్చినాం, పోయేటప్పుడు చెన్నై నుంచి గువాహటికి విమానం, వచ్చేటప్పుడు మాత్రం మా ఆయన పట్టుబట్టి వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించాడు. దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారి దాకా 4,000 కిలోమీటర్లకు పైనే పోయే రైలు అది, మన దేశంలో అంతకంటే దూరం పోయే రైలు లేదు, మన నెల్లూరు మీదుగానే పోతుంది. ఎందుకయ్యా అంత అవస్థ అని గొడవ పడినా గానీ ఇప్పుడు అనిపిస్తుంది, ఆ రైలు ఎక్కకపోతే నాకు ఈ విషయం తెలిసేదే కాదు అని.

విషయం ఏందంటే, నాకు మూడిళ్ళు ఉండాయి. పుట్టిల్లు కందుకూరు (2022లో నెల్లూరు జిల్లాలో కలిపినప్పుడు కూడా మా నాయనకి మాత్రం ఒంగోలే). అత్తగారిల్లు కావలి పక్కన పల్లె. ఇద్దరికీ ఉద్యోగాలు నెల్లూరులో కాబట్టి వేదాయపాళెంలో రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకోనుండాం. ఇంటికి పోతుండా అని నేను ఎప్పుడన్నా కందుకూరు అనే అర్థం. మా ఆయనకి కావలి. వేదాయపాళెంది రూమ్, అంతే, ఇద్దరం రూమ్ అనే అనేవాళ్ళం.

రైల్లో రెండో రోజు మధ్యాహ్నం ఇచ్ఛాపురం బోర్డు మీద తెలుగు అక్షరాలు చూడంగానే ఇద్దరం లేచి తలుపు దగ్గర నిలబడినాం, పది రోజులైంది మన అక్షరం బోర్డు మీద చూసి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒంగోలు దాటినాక కందుకూరు పక్కనుంచే పోతాం కదా, అమ్మ గుర్తొస్తుందేమో అనుకున్నా, గుర్తొచ్చింది, కానీ నేను తల్చుకుంటా ఉండేది వేరే. మా పోర్షన్లో వంటింటి కిటికీకి రెక్క ఒకటి సరిగ్గా పడదు, అది గాలికి కొట్టుకుంటుందేమో, కుండీలో తులసికి పక్కింటి అక్క నీళ్ళు పోసిందో లేదో, ఇవే. పడుగుపాడు దాటి పెన్నా బ్రిడ్జి మీదకి రైలు ఎక్కంగానే ఆ చప్పుడు మారుతుంది చూడండి, ఆ చప్పుడుకి మా ఆయన, "ఏమ్మే, వచ్చేసినాం" అన్నాడు. ఇంకా తెల్లవారలేదు. స్టేషన్ బయట ఆటో ఎక్కబోతా, తెల్లారినాక కావలి పోదామా అని అడిగితే, "ముందు ఇంటికి పోదాం బావా" అని నా నోట్లోంచే వచ్చింది. ఇల్లు అని. రూమ్ అని కాదు. ఆయన కూడా గమనించినాడు, ఏం మాట్లాడలేదు, బ్యాగు తీసుకోని నవ్వినాడు.

తాళం తీస్తే ఆ మూసిన ఇంటి వాసన, కొంచెం కిరసనాయిలు కొంచెం ఇంగువ, అట్టనే గడప మీద కూర్చుండిపోయినా. మీకెవరికైనా ఇట్టా జరిగిందా? ఏ ఊరి నుంచి వచ్చినప్పుడు, ఏ ఇంటికి?

బుల్లెట్ బండి ఒంగోలు

అక్కా బాగా రాశావు. మాది మాత్రం రివర్స్. నాకు ఇంటికొస్తే దిగులుగా ఉంటుంది, నిజంగా చెప్తున్నా. పెళ్ళైన కొత్తలో డబ్బులు లేక దూరం పోలేదు, బండి మీద మూడు రోజులు మన చుట్టుపక్కలే తిరిగాం. కంభం చెరువు చూశాం, గుండ్లకమ్మ మీద విజయనగరం కాలంలో కట్టిన చెరువు, కట్ట మీద నిలబడితే అవతల ఒడ్డు ఎక్కడో ఉంటుంది, ఎన్నిసార్లు పుస్తకంలో చదివామో గానీ ఒంగోల్లో పుట్టి పాతికేళ్ళ దాకా చూడలేదు నేను. అక్కడ్నించి భైరవకోన, కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. తర్వాత ఉదయగిరి. కోట ఎక్కి దిగేసరికి ఇద్దరికీ కాళ్ళు వణికాయి. ఊర్లో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళు ఉంటారు, తను ఒక గంట సేపు కూర్చుని వాళ్ళు చెక్కేది చూసి అట్లకాడ, రెండు గరిటెలు కొనుక్కుంది.

మూడో రోజు రాత్రి ఒంగోలు రాగానే నాకేమో అయిపోయిందే అని బాధ, తనేమో బండి దిగీ దిగగానే ఆ గరిటెలు కడిగి నూనె రాసి మేకుకి తగిలించింది. నేను ఇంకో నాలుగు రోజులు తిరగాలని చూస్తుంటే తను ఆ వస్తువులు పెట్టే చోటు కోసం చూస్తోంది. ఆ తేడా నాకు ఇప్పటికీ అర్థం కాదు. మీలో మగవాళ్ళకి ఇట్టా ఉంటుందా?

మేఘాలయ ఖర్చు, మెట్ల సంగతి కూడా చెప్పు అక్కా, మాకూ ఆశగా ఉంది.

మామిడితోట ఉలవపాడు

నేను కాస్త వేరే మాట చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇల్లు చేరిన ఆనందం అని అందరూ అంటారే, అది ఇంట్లో ఎవరికి ముందొస్తుందో చూడండి. మాకు పెళ్ళై ఐదేళ్ళు. హంపి పోయాం, ఊటీ పోయాం, రామేశ్వరం పోయాం. ప్రతిసారీ ఆయన వచ్చీ రాగానే మంచం మీద వాలి హమ్మయ్య మనిల్లు అంటాడు. నాకేమో రెండు బ్యాగుల మురికి బట్టలు, ఫ్రిజ్‌లో పులిసిపోయిన పెరుగు, సింకులో బొద్దింక, పాలు లేవు, కూరగాయలు లేవు, పొద్దున్నే ఆఫీసు. హంపి నుంచి వచ్చిన రోజు నేను స్నానాలగదిలో బట్టలు నానబెడతా ఏడ్చాను. అంత మంచి ఊరు చూసి, తుంగభద్ర ఒడ్డున సాయంత్రం అంత హాయిగా కూర్చుని, వచ్చినాక ఒక్క పూటలో అంతా పోయింది.

ఆ రాత్రే చెప్పాను ఆయనకి, కోపంగా కాదు, మామూలుగానే. ఇల్లు నీకు విశ్రాంతి, నాకు డ్యూటీ అయితే అది ఇద్దరి ఇల్లు ఎట్టా అవుతుంది అని. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత్నించి మాకు ఒక పద్ధతి. వచ్చిన రోజు పొయ్యి వెలిగించం, బయటి నుంచి కారం దోశ పార్సిల్ తెచ్చుకుంటాం. బట్టలు పూర్తిగా ఆయనవి, ఉతకడం ఆరేయడం మడతపెట్టడం అన్నీ. నేను చేసేది ఒక్కటే, తలుపులన్నీ తీసి ఇల్లు ఊడ్చి దీపం పెట్టడం. రామేశ్వరం నుంచి వచ్చిన రోజు మొదటిసారి నాకు కూడా ఇంటికొచ్చినట్టు అనిపించింది.

తమ్ముడూ ఒంగోలు, నీ ప్రశ్నకి నా జవాబు ఇది. ఆ అమ్మాయి గరిటె తగిలించే చోటు వెతుక్కుంటుంది అంటే ఆ ఇంట్లో తన చోటు వెతుక్కుంటున్నట్టు. నువ్వు పుట్టి పెరిగిన ఊరు నీది, నీకు వెతుక్కునే పని లేదు.

బుల్లెట్ బండి ఒంగోలు

ఇది నాకు తట్టలేదు అక్కా. నిజం. మా అమ్మావాళ్ళ గిన్నెల మధ్య తనవి అవి మూడే.

పెన్నా ఒడ్డు

ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోతుండా. మాది నెల్లూరే, పెన్నా గట్టు కింద కాలనీ.

2021 ఆగస్టులో పెళ్ళి. నవంబరులో అరకు, వైజాగ్ పోయినాం ఇద్దరం. తిరిగొచ్చేటప్పుడే ఆ వరద. గుర్తుండే ఉంటుంది అందరికీ, నవంబరు 20న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకపోయింది, కోవూరు దగ్గర హైవే కూడా తెగిపోయింది. మా రైలు ఒంగోల్లో ఆపేసినారు, ఇంక ముందుకు పోదు అన్నారు. ఏదో బస్సు పట్టుకోని కావలి దాకా వచ్చినాం. అక్కడ మా ఆవిడకి దూరపు అక్కావాళ్ళు ఉంటే వాళ్ళింట్లో దిగినాం. ఇంటికి యాభై అరవై కిలోమీటర్లు, పోలేం. అమ్మ ఒక్కతే ఉండాది ఇంట్లో. మొదటి రోజు ఫోన్ తీసింది, పైన మేడ మీద ఉండాం అందరం, నీళ్ళు వీధిలోకి వచ్చినాయి అనింది, తర్వాత చార్జింగ్ అయిపోయింది. నాకు అన్నం గొంతు దిగలేదు. అరకులో తీసిన ఫోటోలు ఫోన్లో కనపడితే కూడా కోపం వచ్చింది నాకు, ఎందుకు పోయినాం అని.

రోడ్డు వదలంగానే దొరికిన బండి ఎక్కి వచ్చినాం. నది మీద బ్రిడ్జి దాటతా ఉంటే ఎర్రటి నీళ్ళు, మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకోనుండాది. ఇంటికి పోతే అమ్మ బాగానే ఉండాది, కింద గదుల్లో మోకాళ్ళ దాకా బురద. నేను గుమ్మంలో నిలబడిపోయినా, ఏం చెయ్యాలో తెలీలేదు. ఆమె చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకోని లోపలికి దిగింది. పసుపు డబ్బా పై అల్మరాలో, చీపుర్లు మెట్ల కింద, పాత గోనెసంచులు బీరువా వెనక, ఒక్కొక్కటి తీసుకోనొస్తుండాది, ఎవర్నీ అడగలేదు. మూడు నెలలే అయింది మా ఇంటికొచ్చి. అమ్మకంటే ముందు ఆమెకి తెలుసు ఏది యాడుందో. మూడు రోజులు పట్టింది కడగడానికి. మూడో రోజు సాయంత్రం గచ్చు ఆరినాక ముగ్గురం కింద చాప వేసుకోని అన్నం తిన్నాం, పప్పు చారు, అప్పడం. అంతకుముందు ఆ ఇంటిని మీ ఇల్లు అనేది నాతో మాట్లాడేటప్పుడు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

కావలి కోడలమ్మా, బ్రిడ్జి చప్పుడు అన్నావే, నాకు ఆ చప్పుడు వినపడితే ఇప్పటికీ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

కావలి కోడలు

అన్నా, చదివి చాలాసేపు ఏం రాయలేకపోయినా. అమ్మగారు ఇప్పుడు బాగుండారు కదా.

మామిడితోట అక్కా, నువ్వు రాసింది మా ఆయనకి చదివి వినిపించినా. బట్టలు మేం ఇద్దరం కలిసి ఉతుకుతాం గానీ దీపం పెట్టే సంగతి నాకు బాగా నచ్చింది.

ఒంగోలు తమ్ముడికి మేఘాలయ సంగతులు. విమానం, రైలు, బస, తిండి అన్నీ కలిపి ఇద్దరికీ 62 వేలు అయింది మాకు. రైలు టికెట్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజే తీసుకో. గువాహటి నుంచి షిల్లాంగ్ 100 కిలోమీటర్ల చిల్లర, అక్కణ్ణించి చిరపుంజి 54. చిరపుంజిని అక్కడోళ్ళు సోహ్రా అంటారు. వేళ్ళ వంతెన చూడాలంటే టిర్నా అనే ఊరి నుంచి నొంగ్రియాట్ దాకా 3,000కి పైగా మెట్లు దిగాలి, మళ్ళీ అన్నీ ఎక్కాలి, కాబట్టి ఒక రాత్రి కింద ఉండి రావడం మంచిది. ఒక చోట బస వాళ్ళు ముందు చెప్పిన రేటు కాకుండా వేరే రేటు అడిగి గొడవ చేసినారు, కాబట్టి మెసేజ్‌లో రాయించుకోండి.

ఆ వంతెన కట్టింది కాదు, పెంచింది. వాగుకి ఇటుపక్క రబ్బరు చెట్టు వేళ్ళని పోక చెట్టు మానులు తొలిచి వాటిల్లోంచి అటుపక్కకి పంపిస్తారంట. మనిషి నడిచేంత గట్టిపడేదానికి పదిహేనేళ్ళ పైనే పడుతుందంట. రెండంతస్తులది చూసినాం మేము.

ఇంక అసలు విషయం. నొంగ్రియాట్లో మేం దిగిన ఇంటావిడ వయసు నా అంతే. రాగానే తమలపాకు, సున్నం, పచ్చి వక్క చేతిలో పెట్టింది, క్వాయ్ అంటారు, ఇంటికొచ్చిన వాళ్ళకి ముందు అది ఇవ్వాలంట. మనం తాంబూలం పోయేటప్పుడు ఇస్తాం, వాళ్ళు రాగానే ఇస్తారు. రాత్రి అన్నంలోకి ఎండు చేపల పచ్చడి పెట్టింది, తుంగ్‌తాప్ అంట, ఆ వాసనకి మా ఆయనకి వాళ్ళ జేజి చేసే ఎండు నెత్తళ్ళు గుర్తొచ్చి రెండుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాక మాటల్లో చెప్పింది, ఖాసీ వాళ్ళల్లో ఇల్లు చిన్న కూతురికి వస్తుందంట. అమ్మానాన్నల్ని చూసుకునేది చిన్న కూతురే, మొగుడే ఆమె ఇంటికి వస్తాడు. వాళ్ళాయన పొయ్యి దగ్గర కూర్చోని నవ్వుతుండాడు. నన్ను అడిగింది, మీ అమ్మావాళ్ళింట్లో చిన్నది ఎవరు అని. నేనే. మరి నువ్వు వచ్చేస్తే ఇల్లెవరు చూస్తారు అనింది. మా అన్న అని చెప్పినా. ఆమెకి నిజంగా అర్థం కాలేదు, మళ్ళీ అడిగింది, చిన్నదానివి నువ్వు కదా అని.

ఆ రాత్రంతా వాగు చప్పుడు వింటా అదే ఆలోచించినా. కందుకూరు ఇల్లు మా అన్నది అవుతుంది, కావలి ఇల్లు మా ఆయనా మరిదీ పంచుకుంటారు, అందులో బాధ లేదు, అందరూ నన్ను బాగా చూసుకునేవాళ్ళే. కానీ నాది అని చెయ్యి పెట్టి చూపించే గడప యాడుంది అని. అందుకే ఆ ఆటో దగ్గర ఇంటికి పోదాం అని నా నోట్లోంచి వచ్చినప్పుడు ఆ కిటికీ రెక్క సరిగ్గా పడని అద్దె పోర్షనే కళ్ళ ముందుకొచ్చింది. అద్దెది అయితే ఏం.

ఒక్కటే బాధ, ఆ రోజు కావలికి పోకుండా ముందు ఇక్కడికి వచ్చినామని అత్తమ్మ ఏమన్నా అనుకున్నారేమో అని. ఏమీ అనలేదు ఆమె. అందుకే ఇంకా అనిపిస్తుంది.

గోరింటచెట్టు కావలి

అమ్మాయ్, నేనూ కావలే. మీ అత్తను కాదులే గానీ, ఆ వయసుదాన్నే, నా మాట విను.

మా వాడూ కోడలూ మొన్న కేదారనాథ్ పోయినారు. గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్ల పైన నడక అంట. ఒకటిన్నర రోజు ఫోన్ కలవలేదు. ఆ ఒకటిన్నర రోజూ నేను టీవీ పెట్టలేదు, వార్తల్లో ఏం చెప్తారో అని భయం. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అనేవాళ్ళు మా పెద్దాళ్ళు, ఆ రోజులు కాదు ఇప్పుడు, అయినా మనసు ఊరుకోదు. బావి దగ్గర, దేవుడి దగ్గర, వాకిట్లో, ఎక్కడున్నా ఫోన్ కొంగున కట్టుకోనే ఉండా. దిగినాం అత్తమ్మా అని కోడలే చేసింది ముందు, కొడుకు కాదు. ఆ ఒక్క మాట చాలు మాకు. ఎవరింటికి ముందు పోయినారు అనేది ఎవరం లెక్క పెట్టుకోం.

ఇంకొకటి చెప్తా. నేను మా అత్తగారింట్లో పద్దెనిమిదేళ్ళు ఉండా. ఏడుగురు తోడికోడళ్ళు, ఒకే పొయ్యి. తిరపతి పోయొచ్చినా, కసుమూరు దర్గాకి పోయొచ్చినా, వచ్చీ రాగానే ఎవరు వండాల అని చూసుకోవడమే. వేరు కాపురం పెట్టిన రోజు రేకుల షెడ్డు, దాంట్లో నా పొయ్యి నేను అలికి ముగ్గేసి పాలు పొంగించినా. నలభై ఏళ్ళు అయింది. ఆ పాల వాసన ఇప్పటికీ నాకు తెలుసు. నీకు ఆ పోర్షన్ మీద మనసు పోవడం తప్పు కాదమ్మా, కాపురం కుదిరింది అని అర్థం.

కాకపోతే ఒక పని చెయ్యి. వచ్చే ఆదివారం నువ్వు కావలికి పోవద్దు. మీ అత్తనీ, మీ అమ్మనీ నీ ఇంటికి పిలువు. ఆ పచ్చడి చేసి పెట్టు. వాళ్ళు నీ గడపలోకి రావాల, నువ్వు తాంబూలం ఇయ్యాల, అది కూడా రాగానే, ఆ పిల్ల ఇచ్చినట్టు.

మామిడితోట ఉలవపాడు

పెద్దమ్మా, దండాలు మీకు.

కువైట్‌లో ఆత్మకూరు

పగలు డ్యూటీ, ఇప్పుడు రూముకొచ్చి అంతా చదివినా. నేను డ్రైవర్ పని. పెళ్ళై నాలుగేళ్ళు, రెండుసార్లు సెలవు దొరికింది, అన్నీ కలిపితే మేమిద్దరం ఒక చోట ఉండింది నూరు రోజులు దాటదు.

పోయిన సెలవులో ఆమెని మున్నార్ తీసుకపోయినా. ఎప్పుడూ ఆత్మకూరు దాటి నెల్లూరు కంటే దూరం పోలేదు ఆమె. టీ తోటలు చూసి బో సంతోషపడింది. కానీ నాలుగు రోజులకి వచ్చేసినాం, ఆమే అనింది, "ఇంటికి పోదాం, మీరు ఇంట్లో ఉండేది నేను చూడాల" అని. నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. మీరు వచ్చిన ప్రతిసారీ ఊర్లు తిప్పుతారు, చుట్టాల ఇళ్ళకి తిప్పుతారు, మన వాకిట్లో మీరు కుర్చీ వేసుకోని పేపర్ చదువుతుంటే నేను లోపల్నించి చూడాల అనింది. మిగిలిన రోజులన్నీ యాడికీ పోలేదు. పొద్దున్నే పాలు తెచ్చినా, మోటర్ రిపేరు చేసినా, సాయంత్రం సంగం బ్యారేజీ దాకా బండి మీద పోయి చేపలు కొనుక్కోని వచ్చేది. మామిడికాయ వేసి పులుసు పెట్టేది, మరునాడు ఆ పులుసే చద్దన్నంలోకి. ఇద్దరం చూసిన గొప్ప ఊరు ఏది అంటే మా వాకిలే చెప్తా నేను.

నేను వచ్చేటప్పుడు చెన్నైలో దిగి కారులో వస్తా. తడ దాటినాక తెలుగు బోర్డులు, సూళ్ళూరుపేట దగ్గర చలికాలం అయితే నేలపట్టుకి వచ్చిన గూడబాతులు ఆకాశంలో కనిపిస్తాయి, పిల్లల్ని పెంచుకునేదానికి వస్తాయంట అవి. కానీ నాకు మనసు కుదుటపడేది మాత్రం నెల్లూరులో పెన్నా దాటినాకే. బుచ్చి రోడ్డు ఎక్కినాక ఆమెకి ఫోన్ చేస్తా. అన్నం పొయ్యి మీద పెడుతుంది.

ఇంకా ఏడు నెలలు ఉంది నాకు. పెన్నా ఒడ్డు తమ్ముడూ, నువ్వు అక్కడే ఉంటావు కదా, వీలైతే బ్రిడ్జి మీంచి ఒక ఫోటో పెడతావా.

కావలి కోడలు

ఆదివారం ఇద్దరూ వస్తున్నారు. అత్తమ్మ ఎండు నెత్తళ్ళు తానే తెస్తానని చెప్పింది, అమ్మ కందుకూరు నుంచి కిటికీ రెక్క బాగుచేసే ఆయన్ని వెంటబెట్టుకొస్తానంటుంది, వద్దమ్మా ఈడ దొరకరా అంటే వినడంలేదు. గోరింటచెట్టు పెద్దమ్మా, వక్కలు తెచ్చినవి ఇంకా ఉండాయి.

పెన్నా ఒడ్డు

కువైట్ అన్నా, ఇందాక ఆరింటికి పోయి తీసినా. నీళ్ళు బాగానే ఉండాయి ఈసారి. ఎడమ పక్క దూరంగా కనపడేది రంగనాయకుల గుడి గాలిగోపురం. మా ఆవిడ కూడా వచ్చింది, వీడియోలో రైలు పోయేటప్పుడు చప్పుడు కూడా పడేట్టు పది నిమిషాలు నిలబడి పట్టింది, సౌండ్ పెట్టుకోని వినండి.

కువైట్‌లో ఆత్మకూరు

విన్నా తమ్ముడూ. ఆమెకి కూడా పంపించినా, ఆమె అప్పుడే అన్నం తింటుండాదంట, నాతో మాట్లాడతానే రెండుసార్లు పెట్టుకోని విన్నది.